తిరిగినవాడు శిల

వెనక రాతితలుపు ధనామని మూసుకుంది. సింగభట్టుగారు వెనక్కి తిరిగి చూడలేదు. తిరగకూడదని ఆ తలుపు మీదే రాసి ఉంది మరి.

"తనచుట్టూ తాను తిరిగినవాడు శిల అగుగాక" అని బెత్తెడేసి అక్షరాలు. ఎవరో చెయ్యి తిరిగిన శిల్పే చెక్కి ఉంటాడు. పాపం, పని ముగిశాక లోపల ఎలా ఉందో చూద్దామని ఒక్క చుట్టు చుట్టి ఉంటాడు. ఇప్పుడు అతనూ లోపలే ఎక్కడో నిలబడి ఉంటాడు.

సింగభట్టుగారెవరో ముందు చెప్పుకోవాలి. ఆ పేరున్న పండితుడు రత్నకూట రాజ్యమంతా జల్లెడ పట్టినా దొరకడు. తుమ్మబంకతో అతికించిన మేకవెంట్రుకల మీసం, నెత్తిన బుట్టంత తలపాగా, చంకలో ఒక్క అక్షరం కూడా లేని తాటాకుల కట్ట, భుజాన నీళ్లముంత. ఈ సరంజామా చాటున ఉన్నది కుమ్మరి ఓబన్న భార్య సింగారి. మగగొంతు రావాలని పదిహేను రోజులు బొంగురుగా మాట్లాడీ మాట్లాడీ, సొంత గొంతు ఎక్కడ పోయిందో ఇప్పుడు ఆమెకే తెలియదు.

పందొమ్మిది రోజుల కిందట ఈ గొడవ మొదలైంది. నల్లమబ్బు కొండ కడుపులో గ్రహశాల కట్టుకున్న కాలజంఘుడనే మాంత్రికుడికి దీపంలో పోసే నూనె కోసం పెద్ద జాడీలు కావలసి వచ్చాయి. ఓబన్న జాడీలను చెక్కపలక మీద పేర్చి, రెండు చేతులా తాడు పట్టి లాగుతూ, తలుపు వైపే మొహం పెట్టి వెనక్కి నడుచుకుంటూ లోపలికి వెళ్లాడు. దీపం అవతలికి పోయాక మనిషి కనపడలేదని, "అబ్బ, ఎంత" అన్న మాట మాత్రం వినపడిందని, ఆ మాట అక్కడే ఆగిపోయిందని గుమ్మం బయట నిలబడ్డ బండివాడు వచ్చి చెప్పాడు. ఓబన్న సంగతి తెలిసినవాళ్లకి మిగతాది చెప్పనక్కర్లేదు. కొత్త చోటుకి వెళ్తే నోరు తెరుచుకుని నాలుగు వైపులా తిరిగి చూస్తేగాని అతనికి తోచదు.

ఆ మాంత్రికుడు అంతకుముందే రాజ్యమంతా దండోరా వేయించి ఉన్నాడు. గ్రహాల గురించి తాను అడిగే ప్రశ్నలకి తనకు అర్థమయ్యేలా జవాబు చెప్పినవాళ్లకి, వాళ్లు కోరుకున్న రాయిని మళ్లీ మనిషిగా చేసి ఇస్తాడట. పద్నాలుగు మంది పండితులు వెళ్లారు. ఒక్కరూ ఇంటికి రాలేదు. పదిహేనోవాడు ఆస్థాన జ్యోతిష్కుడు కావలసింది, ఆయన జ్వరమని తలుపేసుకున్నాడు. సింగారి వెళ్లి ఆ తలుపు ముందే బైఠాయించింది. ఆయన తలుపు తియ్యకుండానే సందులోంచి పది రోజులు పాఠం చెప్పాడు. ఆవంలో కుండలు కాల్చినప్పుడల్లా తెల్లవార్లూ నిప్పుకి కాపలా కూర్చుని ఆకాశం చూసిన మనిషి గనుక ఆమెకి సగం ముందే తెలుసు. తక్కిన సగం తలుపుసందులోంచి వచ్చింది.

ఇక గ్రహశాల వైభవం చెప్పాలంటే మాటలు చాలవు. గుండ్రటి మండపం, మొహం చూసుకోగలిగేంత నున్నటి నల్లరాతి నేల. నట్టనడుమ నిలువెత్తు బంగారు దీపస్తంభం, దాని తల మీద నూరు వత్తులు కలిసి వెలిగే ఒకే ఒక్క మంట. అది సూర్యుడు. పైకప్పు నుంచి వెండి గొలుసుల మీద వేలాడుతూ మరకతపు బుధుడు, వజ్రపు శుక్రుడు, పగడపు కుజుడు, గుమ్మడికాయంత పుష్యరాగపు గురుడు, అన్నిటికీ దూరాన నీలాల శని. నేల మీద వాళ్ల దారులన్నీ ముత్యపుచిప్పలతో పొదిగి ఉన్నాయి. ఇదంతా చూసి ఆహా అనుకునేలోపే గోడవారన నిలబడ్డ యాభై మంది మనుషులు కనపడతారు. అందరూ రాళ్లే. ఒకాయన చెయ్యి ఇంకా తలపాగా సర్దుకుంటూనే ఉంది. ఒకడు ఎవరో పిలిచినట్టు నవ్వుతూ ఆగిపోయాడు.

ఓబన్న ఎక్కడ? ఎదురుగా మంట వెలుగు కళ్లల్లో కొడుతుంటే దీపానికి అవతల ఏముందో తెలియడం లేదు. చుట్టూ వెళ్లి చూడాలి, కానీ తిరగకూడదు. ఆమె బాగా ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. దీపానికేసే మొహం పెట్టి, ఒక్క క్షణం కూడా చూపు తిప్పకుండా, ఎండ్రకాయలా పక్కకి అడుగులు వేస్తూ పోతే తిరిగినట్టు ఎలా అవుతుంది? దీపానికి వీపు చూపించడం లేదు కదా.

అలాగే నడిచింది. ఒక పాతిక అడుగులు వేసేసరికి స్తంభం చాటు నుంచి ఓబన్న బయటపడ్డాడు. చేతిలో తాడు, తెరిచిన నోరు, పైకెత్తిన కనుబొమ్మలు. అదే మొహం. సంతలో దొమ్మరాట చూసేటప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. సింగారికి కళ్లు మసకేశాయి. గబగబా ఇంకో పది అడుగులు అటే వేసింది.

అప్పుడు కాలివేళ్లు చల్లబడ్డాయి. కిందికి చూస్తే పది వేళ్లూ బూడిదరంగు రాయి. కుడికాలు నేలమీద టక్కుమంది.

ఆమె ఊపిరి బిగబట్టి, దీపాన్నే చూస్తూ, వచ్చిన దారినే ఒక్కో పక్క అడుగూ వేసుకుంటూ పోయింది. తలుపు దగ్గరికి చేరేసరికి వేళ్లలోకి నెత్తురు జివ్వున వచ్చింది. తాను ఒక్కసారి కూడా తిరగలేదే. దీపాన్నే చూస్తూ నడిచిందే. మరి రాయెందుకు? అప్పుడు, కాళ్లు చల్లబడ్డ చోట తాను తలుపు వంక మొహం పెట్టి నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు తలుపు వీపు వెనక ఉంది. సగం చుట్టు నడిచాక అదే తలుపు మొహానికి ఎదురుగా ఉంది. తిరగలేదనుకుంటూనే సగం తిరిగేసింది.

ఇంతలో గోడలో ఒక కంత తెరుచుకుంది. అందులోంచి కాలజంఘుడు వచ్చాడు. పేరుకు తగ్గట్టే మోకాళ్ల కింద రెండు కాళ్లూ మాడిన తాటిమొద్దులు. నున్నటి గుండు, నడుముకి వెండి కమండలం. కంత ముందే వేసి ఉన్న పులిచర్మం మీద, దీపానికేసి మొహం పెట్టి, ఉసూరుమంటూ చతికిలబడ్డాడు. నాలుగడుగులకే ఆ కాళ్లు తిమ్మిరెక్కుతాయని, నడకంటే ఆయనగారికి మహా బద్ధకమని చూడగానే తెలిసింది. కమండలంలోని నీళ్లు చల్లితే రాయి మనిషవుతుందని, ఆ నీళ్లు ఈ జన్మకి అంతేనని ఆయనే గొప్పగా చెప్పుకున్నాడు. ఎవరి రూపమైనా గొంతైనా, మనసులో మాటైనా ఎత్తుకోగల మోహిని తన అక్కేనని, ఒక్క కేక వేస్తే వచ్చి వాలుతుందని కూడా అన్నాడు. తరవాత సింగభట్టుని కిందా మీదా చూసి, పండితుల మీద తనకున్న కసి అంతా వెళ్లగక్కాడు. చిన్నప్పుడు గురుకులంలో ఏది అడిగినా శ్లోకాలు చదివేవాళ్లట. అర్థం కాలేదంటే మొద్దు అన్నారట. చివరికి ఒక ప్రశ్నకి ఇతను చెప్పిన జవాబు విని గురువుతో సహా అందరూ పొట్ట పట్టుకుని నవ్వి బయటికి గెంటేశారట. ఆ ప్రశ్న ఏదో మాత్రం చెప్పలేదు.

"నాకు శ్లోకాలొద్దు భట్టూ. మనుషులు మాట్లాడుకునే మాటల్లో చెప్పు. ముందు చంద్రుడి సంగతి. పదిహేను రోజులు చిక్కిపోతాడు, పదిహేను రోజులు లావెక్కుతాడు. వాణ్ణి ముక్కలు ముక్కలుగా తింటున్నదెవరు?"

సింగారి భుజాన ఉన్న ముంతలో నీళ్లు ఒంపేసి దాన్ని నేలమీద అతనికేసి దొర్లించింది.

"ఎవరూ తినడం లేదు స్వామీ. చంద్రుడు ఆ ముంతలాంటివాడు. సొంత వెలుగు లేదు, దీపం వెలుగే మీద పడాలి. తమరు భూమి అనుకోండి. ముంతని దీపానికీ తమకీ మధ్య చెయ్యి చాపి పట్టుకోండి. ఏం కనపడుతోంది?"

"ఏముంది, నల్లగా ఉంది."

"అది అమావాస్య. వెలుగంతా అవతలి పక్కన పడుతోంది. ఇప్పుడు చెయ్యి పక్కకి చాపండి."

సగం ముంత మెరిసింది, సగం నల్లగా ఉంది. అది అష్టమి అని ఆమె చెప్పింది. తరవాత చేతిని భుజం మీంచి వెనక్కి ఎత్తమంది. మెడ తిప్పవచ్చు, ఒళ్లు తిప్పనంత వరకు భయం లేదు. కాలజంఘుడు కష్టపడి మెడ మెలితిప్పి చూశాడు. ముంత మొహం మొత్తం నిండుగా వెలుగుతోంది. పున్నమి. దీపం వైపున్న సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుందని, ఆ సగంలో మన కంటపడేది ఎంతైతే అదే ఆ పూట చంద్రుడని ఆమె చెబుతుండగానే అతని చెయ్యి నొప్పెట్టి కిందికి దిగింది. ముంత మీద మసక కమ్మింది.

"ఇదేమిటి, ఆరిపోయింది?"

"అది గ్రహణం స్వామీ. పామూ కాదు, ఏమీ కాదు. తమ గుండు నీడ పడింది."

కాలజంఘుడు కాసేపు ముంత వంక, కాసేపు దీపం వంక చూశాడు. చెయ్యి ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. ఆ మొహంలో మెల్లగా వచ్చిన సంతోషం చూస్తే సింగారికి భయంలోనూ జాలేసింది. ఇంత చిన్న విషయం కోసం యాభై మందిని రాళ్లు చేశాడు. ఇంత చిన్న విషయం చెప్పేవాళ్లు ఇతనికి ఇన్నాళ్లూ దొరకలేదు.

అక్కణ్ణుంచి ప్రశ్నలు వరసకట్టాయి. అంత బరువున్న చంద్రుడు మన నెత్తిన ఎందుకు పడడు అన్నాడు. చిన్నప్పుడు వడిసెల తిప్పారా అని ఆమె అడిగింది. జొన్నచేలో పిట్టల్ని కొట్టడానికి తిప్పానని, తనకు మించినవాడు లేడని చెప్పాడు.

"తిప్పేటప్పుడు రాయి తమ నెత్తిన పడిందా? పడలేదు. తాడు లోపలికి లాగుతుంటుంది, రాయి పక్కకి ఉరుకుతుంటుంది. చంద్రుడి తాడు కంటికి కనపడదు, అంతే తేడా. భూమి లాగుతూనే ఉంది, వాడు పక్కకి పరుగు తీస్తూనే ఉన్నాడు. పరుగు ఆపిన నాడు పడతాడు."

నక్షత్రాలు మిణుకుమిణుకుమంటాయి, శుక్రుడు మిణుకుమనడేం అన్నాడు. నక్షత్రం ఎంతో దూరాన ఉన్న నలుసంత దీపమని, మన గాలి కదిలినప్పుడల్లా ఆ నలుసు వణుకుతుందని, శుక్రుడు దగ్గరివాడు గనుక చిన్నపాటి పళ్లెంలా కనపడతాడని, పళ్లేన్ని అంత సులువుగా గాలి వణికించలేదని చెప్పింది. కుజుడు ఎరుపెందుకు అంటే, ఆ నేలంతా తుప్పుపట్టిన ఇనుములాంటి మట్టి అంది. అదే కుజుడు ఉన్నట్టుండి కొన్నాళ్లు వెనక్కి నడుస్తాడేం అంటే, మన బండి పక్క బండిని దాటేటప్పుడు ఆ బండి వెనక్కి పోతున్నట్టు ఉండదా అని ఎదురడిగింది. దీపం చుట్టూ లోపలి దారిలో మనం జోరుగా పోతున్నాం, బయటి దారిలో అతను నిదానంగా వస్తున్నాడు. ఎవరూ వెనక్కి నడవడం లేదు. కాలజంఘుడు తొడ చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వుకి గొలుసుల మీద గురుడూ శనీ కూడా ఊగారు.

ఇదే అదనని సింగారి దీపం అవతలి రాయి సంగతి ఎత్తింది. ఆ తాడు పట్టుకుని నోరు తెరిచినవాడు చాలు, ఇప్పించండి అంది.

కాలజంఘుడి నవ్వు ఆగిపోయింది. ఇంకొక్కటి ఉందన్నాడు. అప్పుడు అతని గొంతు మారింది.

"చంద్రుడు ఎప్పుడు చూసినా మనకి ఒకే మొహం చూపిస్తాడు. అదే కుందేలు, అదే మచ్చ. వీపు ఎవడూ చూడలేదు. మరి వాడు తనచుట్టూ తాను తిరుగుతాడా, తిరగడా?"

చెప్పుల్లేని సింగారి కాలివేళ్లు నేలమీద ముడుచుకున్నాయి. జవాబు తలుపుసందులోంచి రాలేదు, ఇందాక కాళ్లలోంచి వచ్చింది.

"తిరుగుతాడు స్వామీ. మన చుట్టూ ఒక్కసారి తిరిగేలోగా తనచుట్టూ తానూ సరిగ్గా ఒక్కసారి తిరుగుతాడు. కుమ్మరి సారె అంచున ముంత పెట్టి తిప్పారనుకోండి. సారె నడిమిన ఒక చీమ కూర్చుంటే దానికి ముంత ఒక పక్కే కనపడుతుంది. ముంత తిరగడం లేదంటుంది ఆ చీమ. బయట కూర్చున్న కుమ్మరికి అన్ని పక్కలూ కనపడతాయి. మనం ఆ చీమలం."

"సారె సంగతి భట్టుకెలా తెలుసు?" అని అతను కళ్లు చికిలించాడు. ఆమె గతుక్కుమంది. అదృష్టం కొద్దీ కాలజంఘుడి కోపం వేరే దారిన పోతోంది. గురుకులంలో తనను గెంటేసింది ఈ ప్రశ్న మీదే. తిరగడని తాను అన్నాడు. గురువు తిరుగుతాడన్నాడు. ఎలా అంటే చెప్పలేదు, నవ్వాడు. ఒకే మొహం చూపించేవాడు తిరిగాడంటే కళ్లున్నవాడెవడైనా ఒప్పుకుంటాడా అని మాంత్రికుడు నేలమీద అరచేత్తో కొట్టాడు.

"నువ్వూ వాళ్లలో ఒకడివే. సరే, మాటలు వద్దు. ఈ దీపాన్ని భూమి అనుకో. దానికేసే మొహం పెట్టి చుట్టూ నడువు, చంద్రుడిలాగా. తిరుగుతాడన్న నీ మాట నిజమైతే రాయివైపోయి చూపించు. కాకపోతే నీ మాట అబద్ధం, నిన్ను ఈ మంటలో వేసి కాలుస్తా."

తిరగడని ఇప్పుడు మాట మార్చినా లాభం లేదు. రాయివి కాకుండా నడిచి చూపించు అంటాడు. ఏ జవాబు చెప్పినా నడవాల్సిందే, నడిస్తే రాయి కావాల్సిందే. వెనక తలుపు మూసి ఉంది. ఓబన్న ముప్ఫై అడుగుల దూరంలో నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. ఇల్లు, సారె, ఆరబెట్టిన పచ్చి కుండలు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఏడుపు వచ్చింది. ఏడిస్తే మీసం తడుస్తుందని మింగేసింది.

తరవాత నిదానంగా, బొంగురు గొంతుతో అంది:

"నడుస్తాను స్వామీ. కానీ నేను రాయినైతే తమరేమంటారు? భట్టు భయపడి చూపు తిప్పాడు, ఒళ్లు తూలింది, అందుకే రాయయ్యాడు అంటారు. ఈ అనుమానం తమకి చచ్చేదాకా తీరదు. చూపు తిప్పని మనిషి ఇక్కడ ఒక్కరే ఉన్నారు, తమరు. చంద్రుడు తిరగడని నమ్మకం ఉంటే తమకేం భయం? తమరే నడవండి. నేను మాత్రం తిరుగుతాడనే అంటున్నాను. చెప్పలేదనొద్దు."

ఆమె ఇంకో మాట కలిపింది. నమ్మకం లేకపోతే కూర్చోవచ్చునని, ఆ రోజు నవ్వినవాళ్లదే న్యాయమని ఒప్పుకున్నట్టు అనుకుంటానని.

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. మాంత్రికుడు మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు. దీపానికేసి మొహం పెట్టి పక్కకి అడుగు వేశాడు. ఒకటి, రెండు, పది. కుజుడి దారి మీదుగా నడుస్తూ, చూడు భట్టూ చూడు అంటూ పోయాడు. పావు చుట్టు అయింది. సగం దగ్గర అతని వేళ్లు బూడిదరంగుకి తిరగడం సింగారి చూసింది. అతను చూడలేదు. ఎప్పుడూ తిమ్మిరెక్కే కాళ్లే కదా, తిమ్మిరి అనుకున్నాడు. విదిలించి ఈడ్చుకుంటూ నడిచాడు. ముప్పావు చుట్టు అయ్యేసరికి నేలమీద రాయి రాసుకున్న చప్పుడు వచ్చింది. అప్పుడు కిందికి చూశాడు.

అక్కడే ఆగి, వచ్చిన దారినే పక్క అడుగులు వేసుకుంటూ వెళ్తే బతికేవాడే. ఇందాక సింగారి బతకలేదూ? ఆ కిటుకు అతనెక్కడ కనిపెడతాడోనని ఆమె కళ్లార్పకుండా నిలబడింది. కానీ భయపడ్డ మనిషి కాళ్లకి తెలిసిన పని ఒక్కటే. వెనక్కి తిరిగి పారిపోవడం. కాలజంఘుడు "అక్కా, మోహినీ" అని కొండ అదిరేలా కేకపెట్టి అదే వైపుకి గిర్రున తిరిగాడు. ఆ తిరుగుడులోనే మోకాళ్లు, నడుము, చెయ్యి, చివరికి తెరిచిన నోరు బిగుసుకుపోయాయి. నడుముకున్న తాడు తెగి కమండలం ఎగిరి నేలమీద పడి దొర్లింది. నీళ్లు నల్లరాతి మీద పాకాయి.

గెలిచానన్న సంతోషం సింగారికి కలగలేదు. కమండలం వంకే చూసింది. అది దొర్లుతూనే ఉంది, నీళ్లు పోతూనే ఉన్నాయి. పరిగెత్తాలి, తిరగకూడదు. దీపాన్ని చూస్తూ నడిస్తే తిరిగినట్టేనని తెలిసిపోయింది. మరి తిరగకుండా నడవాలంటే? ఎదుటి గోడ మీద, మంట కంటికి అడ్డురానంత ఎత్తున, ఓబన్న తలకి పైన, ఒక సన్నని పగులు ఉంది. దీపం ఏ పక్కకి పోయినా సరే, ఆ గోడకేసే మొహం పెట్టి ముందుకో పక్కకో అడుగులు వేసింది. కమండలం దగ్గర వంగింది, అందుకుంది. వేళ్లు వెచ్చగానే ఉన్నాయి. అడుగున ఒక దోసెడు నీళ్లు మిగిలాయి.

ఓబన్న పక్కనే తలపాగా సర్దుకుంటున్న ముసలి పండితుడు ఉన్నాడు. ఆయనకీ ఇంట్లో ఎవరో ఎదురు చూస్తూనే ఉంటారు. సింగారి సిగ్గుతో తల వంచుకుంది, క్షమించు తాతా అని లోపల్లోపలే అనుకుంది. దోసెడు నీళ్లూ ఓబన్న నెత్తిన పోసింది.

ముందు ముక్కు కదిలింది. తరవాత కనుబొమ్మలు. బుగ్గల్లోకి మట్టిరంగు వచ్చింది.

"బావుందో," అన్నాడు ఓబన్న. పందొమ్మిది రోజుల కిందట మొదలుపెట్టిన మాట పూర్తిచేసి, మిగిలిన మండపం కూడా చూద్దామని ఒళ్లు తిప్పబోయాడు. సింగారి రెండు భుజాలూ పట్టుకుని బిగించింది.

"తిరగబాక మావా. తిరిగితే మళ్లా రాయైపోతావు. నేనే, సింగారిని."

ఓబన్న ఎదురుగా ఉన్న మీసాలాయన్ని ఎగాదిగా చూశాడు. బొంగురు గొంతు. బుట్టంత తలపాగా. మావా అంటున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? మావా ఏంది?"

సింగారి మీసం పట్టి లాగింది. పై పెదవి ఊడొచ్చేలా ఉంది గాని తుమ్మబంక వదల్లేదు. ఈసారి రెండు చేతులతో లాగింది. కళ్లనీళ్లు వచ్చాయి, నాలుగు వెంట్రుకలు వచ్చాయి. తలపాగా విప్పుదామని చెయ్యెత్తింది.

వెనక రాతితలుపు తెరుచుకుంది. మువ్వల చప్పుడు రెండడుగులు లోపలికి వచ్చి ఆగింది. సింగారి వీపుకి చల్లగాలి తగిలింది. ఆమె చూడలేదు. ఓబన్న చూశాడు. ఆమె భుజం మీంచి తలుపు వంక చూసిన అతని మొహం, పాలు చూసిన పసివాడి మొహంలా విప్పారింది.

"మావా, నీ కోసం యాడ యాడ తిరిగినానో తెలుసా? రా, పోదాం."

ఆ గొంతు సింగారిదే. పదిహేను రోజుల కిందట పోగొట్టుకున్న సొంత గొంతు, తేనె పూసినట్టు, తన వీపు వెనక నుంచి తననే పక్కకి నెట్టి తన మొగుణ్ణి పిలుస్తోంది. తమ్ముడి కేక అక్కకి అందిందని సింగారికి అర్థమైంది. ఓబన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పోబాక మావా. అది నేను గాదు. ఆ మధ్య శ్రీగిరి సంతలో నీకు గాజులమ్మేవాడు చెప్పిన మాట నాకు తెలుసు. నీ ఎడం భుజం మీద కాలిన మచ్చ తెలుసు."

"ఎడం భుజం మీద ఆవం కాలిన మచ్చ," అంది తలుపు దగ్గరి గొంతు అప్పుడే. "దానికి వెన్న రాసింది నేను గాదూ?"

ఓబన్న రెండు వైపులా చూశాడు. ఒక పక్క ఎర్రచీర, మల్లెపూలు, తడికళ్లు. ఒక పక్క మేకమీసం.

"నా సింగారికి మీసాల్లేవు సామీ," అన్నాడు. అన్నది మర్యాదగానే. అంటూనే ఆమె గుప్పిట్లోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు. ఆమెని తప్పుకుని ముందుకి నడిచాడు. అడుగులు భుజం దాటాయి, వీపు వెనక్కి పోయాయి. ఒకటి, రెండు, మూడు. మువ్వలు అతనికి ఎదురొచ్చాయి.

వెనక్కి నడుస్తూ అందుకునేలోగా అతను తలుపు దాటేస్తాడు. అరిస్తే వినపడేది మగగొంతే. సగం తిరిగితే కాళ్లు ఏమవుతాయో ఈ మండపంలో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

రాయైతే కానీ అనుకుని, సింగారి ఓబన్నకేసి వెనక్కి తిరిగింది.